బయలు నేలలో ఎల్క్ వేటకు స్కోప్: ‘ఎన్ని ఎక్స్?’ అని అడిగే ముందు

కొలరాడో వాయవ్య మూలన మాఫట్ కౌంటీలోనో, దానికి ఉత్తరాన వ్యోమింగ్‌లోని రెడ్ డెజర్ట్ అంచుల్లోనో ఒక దిబ్బ ఎక్కి చూస్తే, మైళ్ల తరబడి మోకాలెత్తు సేజ్‌బ్రష్ పొదలు తప్ప ఇంకేమీ కనబడవు. ఎల్క్ అనే పెద్ద దుప్పుల మంద ఎక్కడో అవతలి వాలు మీద మేస్తూ ఉంటుంది. మధ్యలో నక్కి నడవడానికి చాటన్నదే ఉండదు. అలాంటి చోటికి వేటకు వెళ్దామనుకున్నవాళ్లు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: ఈ స్కోప్ (తుపాకీ మీద బిగించే గురి దుర్భిణి) ఎన్ని ఎక్స్, అంటే ఎన్ని రెట్ల దాకా జూమ్ అవుతుంది?

దూరం ఎక్కువ కాబట్టి జూమ్ ఎక్కువ కావాలన్న లెక్క పైకి సబబుగానే ఉంటుంది. కానీ బయలు నేలలో గురి తప్పినప్పుడు, జంతువు గాయంతో తప్పించుకుపోయినప్పుడు, జూమ్ చాలకపోవడం కారణం కావడం చాలా అరుదు. వెలుతురు చాలకపోవడం, గాలిని తప్పుగా అంచనా వేయడం, దూరం లెక్క తేడా రావడం, మనకు తెలియకుండానే తిరిగిపోయిన టరెట్ (గురిని సర్దే నాబ్)... అసలు కారణాలు ఇవీ. స్కోప్‌ను వీటి కోసం ఎంచుకోవాలి. జూమ్ అంకె ఆ తర్వాతి మాట.

ముందు ఎల్క్ సంగతి. నల్లమలలో తిరిగే మన కణుజుకు ఇది చుట్టమే, కాకపోతే ఒళ్లు ఇంకా పెద్దది. రాకీ పర్వతాల్లో బాగా ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటి తూగుతుంది. దాన్ని అక్కడ బుల్ అంటారు. పక్క నుంచి చూస్తే గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగుకు పైగానే వెడల్పు ఉంటుంది. అయినా జాగ్రత్త ఉన్న వేటగాళ్లు 10 అంగుళాల వృత్తాన్నే కొలతగా పెట్టుకుని సాధన చేస్తారు. ఆ వృత్తంలో ప్రతిసారీ తూటా పడదు అనుకున్న దూరం నుంచి ట్రిగ్గర్ నొక్కరు. ఎందుకంటే ఎల్క్ మొండి ప్రాణి. తూటా ఒక జానెడు వెనక్కి పడి పొట్టలో తగిలిందంటే అది అక్కడ కూలదు. గంటల తరబడి నడిచిపోయి, ఎవరికీ దొరకని లోయలో బాధపడుతూ చచ్చిపోతుంది. స్కోప్ ఎంపికలో ప్రతి నిర్ణయం వెనకా ఈ భయం ఉండి తీరాలి.

స్కోప్ పేరులో 3-9×40 అని ఉంటే, 3 రెట్ల నుంచి 9 రెట్ల దాకా పెద్దదిగా చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. ఇప్పుడు చిన్న భాగహారం చేద్దాం. 400 గజాల దూరంలో ఉన్న ఎల్క్ 9 ఎక్స్‌లో 44 గజాల దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటి ముందు రోడ్డుకు అటు చివర నిలబడ్డ ఆవును చూసినట్టు. దాని భుజం వెనక మడతను గుర్తుపట్టి గురిపెట్టడానికి అది ధారాళంగా సరిపోతుంది. పాతకాలపు 3-9×40తో లెక్కలేనన్ని ఎల్క్‌లు పడ్డాయంటే ఇందుకే. దాన్ని 25 ఎక్స్ చేస్తే ఎల్క్ 16 గజాల దగ్గరికి వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ సౌకర్యానికి ఇంకోచోట ధర చెల్లించాలి.

ఆ ధర మొదట కనిపించేది చూపు వెడల్పులో. సాధారణ 3-9 స్కోప్‌లో 3 ఎక్స్ దగ్గర, 100 గజాల దూరంలో 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. 9 ఎక్స్‌కి తిప్పితే అది 14 అడుగులకు పడిపోతుంది. 25 ఎక్స్‌లో మిగిలేది 5 అడుగుల చిలుకు. ఎల్క్ ఒక్కటే ముక్కు నుంచి తోక దాకా సుమారు 8 అడుగులుంటుంది.

ఒక సీజన్‌లో మా జట్టులో ఒకాయన కొత్తగా 5-25 స్కోప్ బిగించుకుని వచ్చారు. పొద్దు పొడిచే వేళ, ఎదురు వాలు మీద పది పన్నెండు ఆడ ఎల్క్‌ల మధ్య ఒక బుల్. బైనాక్యులర్‌లో అందరికీ స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన బోర్లా పడుకుని స్కోప్‌లో కన్ను పెట్టి వెతకడం మొదలుపెట్టారు. పసుపు గడ్డి, పొద, మళ్లీ గడ్డి, ఒక ఆడ ఎల్క్ వీపు, మళ్లీ పొద. జూమ్ 18 దగ్గర ఉండిపోయింది, గ్లవ్ వేసుకున్న చేతికి రింగ్ పట్టు దొరకలేదు. ఆయన జూమ్ తగ్గించుకుని మందను పట్టుకునేసరికి బుల్ గట్టు దాటేసింది. అదే మంచిదైందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ తొందరలో ఏది ఆడదో ఏది మగదో తేలకుండా కాల్చి ఉంటే పరిస్థితి ఇంకోలా ఉండేది. బయలు నేల కదా, ఎప్పుడూ దూరమే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. గట్టు ఎక్కిన మరుక్షణం 60 గజాల్లో ఎదురుపడ్డ సందర్భాలూ ఉంటాయి. అందుకే పై అంకె కన్నా కింది అంకె ముఖ్యమంటాను. కింద 2.5 లేదా 3, మహా అయితే 4. అక్కడి నుంచి పైకి ఎంత ఉన్నా నష్టం లేదు, బరువు పెరగనంత వరకు.

వెలుతురు లెక్క

కొలరాడో, వ్యోమింగ్ రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చడానికి చట్టం అనుమతిస్తుంది. ఎల్క్‌లు బయట మేసేది కూడా సరిగ్గా ఆ సంధి వేళల్లోనే. ఎండెక్కితే చెట్ల నీడకో, ఉత్తరపు వాలులోకో వెళ్లిపోతాయి. కాబట్టి స్కోప్‌కు అసలు పరీక్ష దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద కాదు, ఆ అరగంటలో.

ఇక్కడ తెలుసుకోవాల్సిన కొలత ఎగ్జిట్ ప్యూపిల్. స్కోప్ వెనక అద్దం నుంచి మన కంటికి వచ్చే వెలుతురు వృత్తం వెడల్పు అది. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే వస్తుంది. 3-9×40ని 6 ఎక్స్‌లో పెడితే 6.7 మిల్లీమీటర్లు, 9 ఎక్స్‌లో 4.4. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, 50 దాటాక చాలామందికి 5 దగ్గర ఆగిపోతుంది. కంటిపాప కన్నా వచ్చే వృత్తం చిన్నదైతే బొమ్మ మసకబారుతుంది. 5-25×50ని 25లో పెడితే వచ్చేది 2 మిల్లీమీటర్లే. పగటిపూట ఫర్వాలేదు, సంధ్యవేళ దాంట్లో జంతువు ఒక ముద్దలా కనిపిస్తుంది. పైగా వృత్తం అంత చిన్నదైతే తల ఏ కాస్త జరిగినా చుట్టూ నల్లటి నీడ వచ్చేస్తుంది. పరుగెత్తి ఎగశ్వాసతో పడుకున్న మనిషికి అది పెద్ద చికాకు.

అంటే చీకటి పడేకొద్దీ జూమ్ తగ్గించాలి. చాలామంది చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 56 మిల్లీమీటర్ల పెద్ద అద్దం కొంటే సమస్య తీరుతుందని కూడా అనుకుంటారు. కొంత తీరుతుంది. కానీ అది తుపాకీ మీద ఎత్తులో కూర్చుంటుంది, చెంప సరిగ్గా ఆనదు, బరువూ పెరుగుతుంది. 40 నుంచి 44 మధ్య అద్దం, దాని మీద మంచి పూత ఉంటే ఎల్క్ వేటకు చాలు. పూత మాట ఎందుకంటే, పూత లేని అద్దం ఒక్కో ఉపరితలం దగ్గర పడ్డ వెలుతురులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్ లోపల అలాంటి ఉపరితలాలు బోలెడు. జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మకులా 1935లో ఈ నష్టాన్ని తగ్గించే పూతను కనిపెట్టారు. ఈరోజు అన్ని ఉపరితలాల మీదా పలు పొరల పూత ఉందా అన్నది కొనేముందు చూసుకోవాల్సిన విషయం.

రెటికల్, అంటే లోపల కనిపించే గురి గీతలు, సంధ్యవేళ కనబడాలి. లూపోల్డ్ కంపెనీ 1962లో తెచ్చిన డూప్లెక్స్ ఇప్పటికీ నిలిచి ఉండడానికి కారణం అదే. అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే నాలుగు గీతలు. సన్న గీత చీకట్లో కలిసిపోయినా లావు గీతలు కన్నును మధ్యకు నడిపిస్తాయి. బ్యాటరీతో మధ్య చుక్క వెలిగే రెటికల్ దొరికితే ఇంకా మంచిది, వెలుగును బాగా తగ్గించుకునే వీలుంటేనే. లేకపోతే ఆ చుక్క ఎర్రటి మంటలా కళ్లలో కొడుతుంది.

తూటా కిందికి పడడం, గీతల గందరగోళం

అందరూ తికమకపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

అమెరికాలో ఎల్క్ వేటకు బాగా వాడే .30-06 తుపాకీ తీసుకోండి. 180 గ్రెయిన్ల బరువున్న తూటా, సెకనుకు 2,700 అడుగుల వేగం. 200 గజాల దగ్గర జీరో చేశారనుకుందాం, అంటే అక్కడ గురి పెట్టిన చోటే తూటా తగులుతుంది. 100 గజాల దగ్గర 2 అంగుళాలు పైకి తగులుతుంది. 300 దగ్గర 8 అంగుళాల చిలుకు కిందికి, 400 దగ్గర సుమారు 23 అంగుళాలు, 500 దగ్గర 4 అడుగులకు కాస్త తక్కువ. కంపెనీని బట్టి, ఎత్తును బట్టి అంకెలు కొంచెం మారతాయి. కానీ వాటి తీరు చూడండి. 250 గజాల దాకా దాదాపు ఏమీ చేయనక్కర్లేదు. 300 దాటాక ఒక్కో అడుగూ ఖరీదవుతుంది. 400ని 450 అని పొరబడితే 10 అంగుళాల తేడా. ఎంత గొప్ప స్కోపైనా దూరం తెలియకపోతే దండగే, దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ తప్పనిసరి.

ఈ పతనాన్ని సరిదిద్దడానికి దారులు రెండు. ఒకటి, పైన ఉన్న టరెట్ తిప్పడం. ఎంఓఏ అనే కోణం 100 గజాల దగ్గర అంగుళానికి కాస్త ఎక్కువ, 400 దగ్గర 4.2 అంగుళాలు. 23 అంగుళాలు సరిదిద్దాలంటే 5.5 ఎంఓఏ. ఒక్కో క్లిక్ పావు ఎంఓఏ కాబట్టి 22 క్లిక్కులు. తర్వాత మధ్య గీతనే గుండె మీద పెట్టి కాల్చడం. రెండో దారి, టరెట్ ముట్టుకోకుండా రెటికల్‌లో కిందున్న చిన్న గీతల్లో సరైనదాన్ని జంతువు మీద పెట్టడం. మొదటిది కచ్చితం, రెండోది వేగం. మిల్ అనే ఇంకో కొలత కూడా ఉంది. రెండింట్లో ఏది మేలన్న వాదనలో పడకండి. టరెట్, రెటికల్ రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు.

గీతలు వాడేవాళ్లు ఫోకల్ ప్లేన్ సంగతి తెలుసుకోకుండా కొనకూడదు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో జూమ్ పెంచితే జంతువుతో పాటు గీతలూ పెద్దవవుతాయి. ఏ జూమ్‌లో ఉన్నా గీత విలువ మారదు. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు ఎప్పుడూ ఒకే సైజులో కనిపిస్తాయి, జంతువు మాత్రమే పెద్దదవుతుంది. అందువల్ల గీత విలువ ఒకే ఒక జూమ్ దగ్గర నిజం, సాధారణంగా గరిష్ఠ జూమ్ దగ్గర.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో చూడండి. సెకండ్ ఫోకల్ ప్లేన్ 3-15 స్కోప్‌లో 5.5 ఎంఓఏ గీత 15 ఎక్స్‌లో సరైనది. సంధ్యవేళ వెలుతురు కోసం మీరు 7.5కి తగ్గించారు. అదే గీత ఇప్పుడు 11 ఎంఓఏ అయింది. 400 గజాల దగ్గర తూటా 23 అంగుళాలు పైకి, ఎల్క్ వీపు మీదుగా ఎగిరిపోతుంది. మీకు మాత్రం అంతా సరిగ్గా చేసినట్టే అనిపిస్తుంది.

అలాగని ఫస్ట్ ఫోకల్ ప్లేనే అందరికీ మంచిదని చెప్పను. జూమ్ తగ్గించినప్పుడు దాంట్లో గీతలు వెంట్రుకలా సన్నబడతాయి. 3 ఎక్స్‌లో, చీకట్లో, పొదల నేపథ్యంలో అవి మాయమైపోయే మోడళ్లు చాలా ఉన్నాయి. టరెట్ తిప్పే అలవాటున్నవాళ్లకు సెకండ్ ఫోకల్ ప్లేన్‌తో ఇబ్బందేమీ లేదు, ఎందుకంటే మధ్య బిందువు ఏ జూమ్‌లోనైనా ఒకటే. నా ఓటు ఇది: 300 గజాల లోపే కాలుస్తాననే క్రమశిక్షణ ఉంటే డూప్లెక్స్, సెకండ్ ఫోకల్ ప్లేన్. 400 దాకా సాధన చేశాను, టరెట్ తిప్పుతాను అంటే అప్పుడూ సెకండ్ ఫోకల్ ప్లేనే. గీతలతోనే గురిపెట్టే అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు ఫస్ట్ ఫోకల్ ప్లేన్ తీసుకోండి, కానీ దుకాణం బయట పొద్దుగూకే వేళ అతి తక్కువ జూమ్‌లో ఒకసారి చూశాకే.

ఇంత లెక్క వేసినా గాలి అలాగే మిగిలిపోతుంది. వ్యోమింగ్‌లో గాలి లేని రోజు దొరకడం కష్టం. పైన చెప్పిన తూటానే గంటకు 10 మైళ్ల అడ్డగాలి 400 గజాల దగ్గర సుమారు ఒక అడుగు పక్కకు నెడుతుంది. మనం ఉన్నచోట గాలి ఒకలా, మధ్య లోయలో ఒకలా, ఎల్క్ దగ్గర ఇంకోలా ఉంటుంది. 4 మైళ్ల తేడాతో అంచనా వేస్తే 5 అంగుళాలు పోయినట్టే. 10 అంగుళాల వృత్తం మధ్యకు గురిపెట్టినవాడి తూటా అంచుకు చేరింది. చేతి వణుకు, తూటాల సహజమైన తేడా దీనికి అదనం. దీన్ని సరిచేసే అద్దం ఎక్కడా లేదు. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, మరీ దూరం నుంచి జంతువుల మీద కాల్చడం న్యాయమైన వేట స్ఫూర్తికి విరుద్ధం కావచ్చని బహిరంగంగానే చెబుతోంది. నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్కోప్ పెట్టె మీద వెయ్యి గజాల బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ దూరం మనది కాదు.

చిన్నవి, కానీ దెబ్బతీసేవి

గొట్టం 30 మిల్లీమీటర్లదైతే వెలుతురు ఎక్కువ వస్తుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ప్రధానంగా పెరిగేది టరెట్ తిప్పుకునే పరిధి. అంగుళం గొట్టం ఎల్క్ వేటకు సరిపోతుంది. 10 ఎక్స్ దాటిన స్కోప్‌కు పక్కన పారలాక్స్ (కన్ను జరిగితే గురి గీతలు కూడా జరిగినట్టు కనిపించే లోపం) సర్దుకునే నాబ్ ఉంటే మంచిది. ఐ రిలీఫ్, అంటే కంటికీ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం, మూడున్నర అంగుళాలకు తగ్గకూడదు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి గట్టిగా తన్నే తుపాకీతో వాలు పైకి గురిపెట్టి కాలిస్తే స్కోప్ అంచు కనుబొమ్మను చీల్చేస్తుంది.

టరెట్‌కు మూతైనా ఉండాలి, తాళమైనా ఉండాలి. బ్యాగుకు రాసుకుంటూ, గుర్రం జీనుకున్న తొడుగులో ఊగుతూ అది ఆరేడు క్లిక్కులు తిరిగిపోయినా చెయ్యికి తెలియదు. పక్కకు సరిచేసే టరెట్‌కు మూత పెట్టే ఉంచడం ఉత్తమం. పైదానికి జీరో స్టాప్ ఉంటే, వేళ్లు కొంకర్లు పోయే చలిలో కూడా గిర్రున వెనక్కి తిప్పి జీరో దగ్గర ఆపుకోవచ్చు.

అద్దం లోపల మంచు పట్టకుండా నైట్రోజన్ లేదా ఆర్గాన్ వాయువు నింపుతారు. బయటి అద్దానికి మాత్రం ఆ రక్ష లేదు. గడ్డకట్టిన తుపాకీని వెచ్చటి గదిలోకి తెస్తే అద్దం తెల్లబడుతుంది, కాబట్టి రాత్రి చల్లటి చోటే తాళం వేసి ఉంచాలి. గురిపెట్టినప్పుడు ముక్కు నుంచి వచ్చే ఆవిరి కూడా వెనక అద్దాన్ని కప్పేస్తుంది.

బరువు సంగతి కొండెక్కితే తెలుస్తుంది. 3-9×40 దాదాపు 350 గ్రాములు. పెద్ద 5-25 స్కోప్‌లు 900 గ్రాములు, కొన్ని కిలో కూడా దాటతాయి. ఐడాహోలో అయితే స్కోప్, బెల్టుతో సహా తుపాకీ బరువు 16 పౌండ్లు దాటకూడదని వేట నిబంధనల్లోనే ఉంది. బ్యాటరీతో వెలిగే రెటికల్ లాంటివి తప్ప ఎలక్ట్రానిక్ పరికరాలు తుపాకీకి బిగించడం కూడా అక్కడ కుదరదు. దూరం తానే కొలిచే స్కోప్ కొనాలనుకునేవాళ్లు ముందు తమ రాష్ట్రం ఆ ఏడాది విడుదల చేసిన నిబంధనల పుస్తకం చూడాలి.

డబ్బు విషయానికి వస్తే, మొత్తం స్కోప్ మీద పోయకండి. బయలు నేలలో రోజంతా మన కళ్లు ఉండేది బైనాక్యులర్‌లో. 10×42 మంచిది ఒకటి, కదలకుండా పెట్టుకోవడానికి ట్రైపాడ్ ఉంటే ఎల్క్‌ను మీరే ముందు చూస్తారు. దగ్గరికి వెళ్లడానికి టైమ్ దొరుకుతుంది, సగం సార్లు 400 గజాల ప్రశ్నే రాదు. స్కోప్‌తో మాత్రం వెతకొద్దు. అటు కదిలేది మనిషైతే మీరు అతని వైపు తుపాకీ ఎక్కుపెట్టినట్టే. ఇందులో రాజీ లేదు.

300 డాలర్ల చుట్టుపక్కల నిక్కమైన 3-9×40 దొరుకుతుంది. అంతకు రెండు మూడింతలు పెట్టగలిగితే 3-15×44 తరహాది, తాళం ఉన్న టరెట్‌తో వస్తుంది. ఎల్క్ వేటకు నేను అక్కడే ఆగుతాను. రెండు వేల డాలర్లు దాటిన ఆస్ట్రియా, జర్మనీ అద్దాల్లో బొమ్మ అందంగా ఉంటుంది, సంధ్యవేళ కొన్ని నిమిషాలు ఎక్కువ దక్కుతాయి. ఆ డబ్బుతో తూటాలు కొని వేసవంతా సాధన చేస్తే దక్కేది ఇంకా ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ను అడగకుండా ముందుకెళ్లొద్దు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేస్తేనే లైసెన్స్ ఇస్తారు. స్కోప్‌ను ఇండియాకు పట్టుకెళ్దామనుకుంటే అది అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తుంది. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు అనుమతే లేదు.

కొన్నాక బిగించడం ఇంకో పని. స్క్రూలను చేతి అంచనాతో కాకుండా టార్క్ స్క్రూడ్రైవర్‌తో, స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే రింగుల తయారీదారు చెప్పిన అంకెకు బిగించాలి. తర్వాత కాల్పుల సాధన చేసే రేంజ్‌లో ఒక పరీక్ష: జీరో దగ్గర కాల్చి, టరెట్ 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ఒక్కోచోట కాల్చండి. చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే పడాలి, నాలుగు చోట్ల పడ్డవి కలిపితే చతురస్రం రావాలి. రాకపోతే ఎంత మెరిసే అద్దమైనా వెనక్కి ఇచ్చేయండి. కారులో వందల మైళ్ల ప్రయాణం చేసి క్యాంపుకు చేరాక, సీజన్ మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం, కాల్చడానికి అనుమతి ఉన్న చోట 200 గజాల దగ్గర అట్టముక్క ఒకటి నిలబెట్టి రెండు తూటాలు కాల్చి చూసుకోండి.